తహ్మీనా అడిగిన అర్థాలు

ఎల్లారెడ్డిలో తహసీల్దారు కార్యాలయానికి వెళ్లే దారిలో తహ్మీనా జిరాక్స్ దుకాణం ఉంది. ఒక కంప్యూటరు, రెండు ప్రింటర్లు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బల్ల. నేను ఉండేది కామారెడ్డిలో. అయినా ఏడేళ్లుగా నా రాతప్రతులు టైపు చేయించడానికి బస్సెక్కి ఆమె దగ్గరికే వెళ్తున్నాను. కామారెడ్డిలో టైపు చేసేవాళ్లు లేక కాదు. తహ్మీనా మధ్యలో ఆగి ప్రశ్నలు అడుగుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడే అడిగింది. "సార్, గీడ ‘అభిమానం’ అని రాసిన్రు. ప్రేమనా, పౌరుషమా?"

నేను రాసిన వాక్యంలో రెండూ సరిపోతాయి. నిజానికి రాసేటప్పుడు నేను ఆ సంగతే ఆలోచించలేదు. ఆ రోజు ఇంటికొచ్చి పేజీ మొత్తం మళ్లీ రాశాను.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. నాన్న సైకిళ్లు బాగుచేసేవాడు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. దగ్గర్లోని ఉర్దూ బడి ఐదో తరగతితో ఆగిపోవడంతో ఆరులో తెలుగు బడిలో చేరింది. చేరిన కొత్తలో ఒక సంగతి ఆమెకు వింతగా తోచింది. ఉర్దూలో కుర్చీ ఆడది, తలుపు మగది. అక్కడ ప్రతి వస్తువుకూ ఏదో ఒక వైపు ఉంటుంది. తెలుగులో అలా లేదు. ‘అన్న వచ్చాడు’ అంటారు. కానీ ‘అక్క వచ్చింది’, ‘బస్సు వచ్చింది’. అక్కకూ బస్సుకూ ఒకటే క్రియ ఎందుకని టీచరును అడిగింది. తెలుగులో అంతే, కూర్చో అన్నాడాయన. మర్నాడు మాత్రం ఆయనే పిలిచి చెప్పాడు. "ఇద్దరు అక్కలు వస్తె ఏమంటం? వచ్చారు అంటం. రెండు బస్సులు వస్తె? వచ్చాయి అంటం. చూసినవా?"

అంటే ఆడమనిషి ఒక్కతే వస్తే బస్సుతో జత, ఇద్దరు వస్తే మగవాళ్లతో జత. పదకొండేళ్ల పిల్లకు అది పొడుపుకథలా అనిపించిందట. తన తలకాయ పాడైంది ఆ రోజే అని ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఇరవై ఏళ్లప్పుడు ఇదే దుకాణంలో పనికి కుదిరింది. పాత యజమాని హైదరాబాదు వెళ్లిపోతూ ఆమెకే అప్పగించాడు. వచ్చేవాళ్లలో చదవలేనివాళ్లు చాలామంది. దరఖాస్తు పైకి చదివి, వాళ్లు చెప్పింది నింపడం ఆమె పని. ఆ పనిలో మొదటి నుంచీ ఒక గడితో ఇబ్బంది వచ్చింది. ఇంగ్లీషు ఫారాల్లో ‘సెక్స్’ అని ఉండేది. ఆ మాట ఆమె నోట పైకి వస్తే బల్ల మీది మగవాళ్లు నేల చూపులు చూసి ముసిముసిగా నవ్వేవాళ్లు. తెలుగు ఫారాల్లో ‘లింగం’ అని ఉండేది. ఒకసారి నాగవ్వ అనే ముసలామె పింఛను కాగితం కోసం వచ్చింది. తహ్మీనా "లింగం?" అని అడగగానే, "మా ఇంట్ల లింగం లేదు బిడ్డా, మాది పోచమ్మ" అంది.

అప్పటి నుంచి తాను సొంతంగా తయారుచేసే ఫారాలన్నింటిలో తహ్మీనా ఆ మాట తీసేసి ‘జెండర్’ అని పెట్టింది. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ దేవుడు గుర్తు రాలేదు. పైకి చదవడానికి వీలైన మాట దొరికిందని సంతోషపడింది. ఇందులో ఇంకేదైనా ఉందని ఆమెకు తట్టలేదు.

మూడేళ్ల కిందట ఊళ్లో ఒక కుట్టు శిక్షణ కేంద్రం మొదలైంది. నడిపించేది కామారెడ్డిలోని ఒక స్వచ్ఛంద సంస్థ. స్థానికంగా చూసుకునేది గంగారాం. రిటైరైన గుమాస్తా, కాగితం అంటే భక్తి ఉన్న మనిషి. నేర్పేది పద్మలత. ఆమె రోజూ కామారెడ్డి నుంచి బస్సులో వస్తుంది. ఏటా రెండు జట్లు, జట్టుకు ఇరవై మంది. కేంద్రం ఫారం, నోటీసు రెండూ తహ్మీనా దగ్గరే తయారయ్యాయి. నోటీసు చివర ‘మహిళలకు మాత్రమే’ అని ఉండేది.

కిందటి జూన్‌లో ఆ నోటీసు చూసి తార దరఖాస్తు పెట్టింది.

తారది లింగంపేట. ఇరవై తొమ్మిదేళ్లు. అబ్బాయిగా పుట్టి పెరిగి, పద్దెనిమిదేళ్లకు చీర కట్టింది. రెండేళ్లు ఎక్కడెక్కడో తిరిగి, తల్లికి పక్షవాతం రావడంతో ఇంటికి తిరిగొచ్చింది. పగలు తల్లితో కూర్చుని బీడీలు చుడుతుంది, ఖాళీ దొరికితే ఇరుగుపొరుగు చీరలకు ఫాల్స్ కుడుతుంది. జాకెట్టు కత్తిరించడం నేర్చుకుంటే బీడీలు మానేయవచ్చని ఆమె ఆశ. బీడీ ఆకు పొడికి తల్లి దగ్గు ఎక్కువవుతోంది. జిల్లా కార్యాలయం ఇచ్చిన గుర్తింపు కార్డు ఆమె దగ్గర ఉంది. అందులో ‘ట్రాన్స్‌జెండర్’ అని ఉంది.

దరఖాస్తు వెళ్లిన నాలుగో రోజు పొద్దున గంగారాం దుకాణానికి వచ్చాడు.

"బిడ్డా, నోటీసు మార్వాలె. ‘జన్మతః మహిళలకు మాత్రమే’ అని కొట్టు."

తహ్మీనా ఫైలు తెరిచింది. ఇంతలో పద్మలత ఫోను చేసింది. "తహ్మీనా, నోటీసు మార్చాలె. ‘మహిళలకు, ట్రాన్స్ మహిళలకు’ అని పెట్టు."

ఒకే నోటీసు, ఒకే గంటలో రెండు మాటలు. తహ్మీనా ఫోను చేత్తో మూసి గంగారాం వైపు చూసింది. "సార్, మేడం ఇంకో తీరు చెప్తున్నది. మీరిద్దరు ఒక్కటనుకొని చెప్పున్రి. ఏది కొట్టుమంటె అది కొడత. గని ఒక్కటి అడుగుత. మొన్నటిదాంక ‘మహిళ’ అంటె సరిపోయింది గదా, గిప్పుడేం తక్కువైంది?"

గంగారాం "మాట అదే, బిడ్డా. గని మనుషులు దాన్ని గుంజుతున్నరు" అన్నాడు.

ఎటు గుంజుతున్నారు అన్నది తహ్మీనాకు పట్టుకుంది. ఆ సాయంత్రం తల్లి తాహేరాతో ఈ సంగతి చెప్పింది. తాహేరా బీడీ తట్ట పక్కన పెట్టి, తన చిన్నప్పటి మాట ఒకటి చెప్పింది. ‘జనానా’ అంటే ఇంట్లో ఆడవాళ్లుండే వైపు. సినిమా హాల్లో పరదా వెనక ఆడవాళ్లు కూర్చునే చోటూ జనానాయే. టికెట్టు అలాగే అడిగేవాళ్లు. తరవాత వీధిలో కుర్రాళ్లు మెత్తగా నడిచే మగపిల్లాడు కనబడితే జనానా అని కూయడం మొదలుపెట్టారు. తాహేరా తమ్ముణ్ని కూడా అలా ఏడిపించారు. దాంతో వాళ్లింట్లో ఆ మాట అనడమే మానేశారు.

"మాట చెడ్డది కాదు," అందామె ఉర్దూలో. "మంచిగుండేది. మా చేతిలోంచి ఎవరు లాక్కున్నారో తెలియలేదు."

గురువారం మధ్యాహ్నం కేంద్రంలో మాట్లాడుకుందామన్నారు. నోటీసు రాసేదానివి నువ్వే కదా, రమ్మని తహ్మీనాను కూడా పిలిచారు. పాత జట్టులో నేర్చుకుని, ఇంకా సాధనకు వస్తున్న ఆడవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు. వాళ్ల తరఫున మాట్లాడేది భూమక్క. ఆమెదీ లింగంపేటే. యాభై ఏళ్లుంటాయి. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు వంకరపోతే కుట్టు నేర్చుకుంది. తార గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుంది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, బయటికి పొమ్మనీ అనలేదు.

మాటలు మొదలవగానే తహ్మీనా చెవి పాత అలవాటు ప్రకారం క్రియల మీదికి పోయింది. గంగారాం "ఈయన దరఖాస్తు పెట్టిండు" అన్నాడు. పద్మలత "ఆమె పెట్టింది" అంది. భూమక్క రెండూ అనకుండా "వాళ్లు పెట్టిన్రు" అంది. వాదన ఇంకా మొదలే కాలేదు. ఎవరు ఎటున్నారో ఆ ఒక్క క్రియలోనే తెలిసిపోయింది. భూమక్క ఎటుందో మాత్రం తెలియలేదు.

పద్మలత ఫారం చేతిలోకి తీసుకుంది. ఆమె ఈ మధ్యనే సంస్థవాళ్లు పెట్టిన మూడు రోజుల శిక్షణకు వెళ్లొచ్చింది. "గీడ చూడున్రి సార్. జెండర్ అని ఉన్నది. జెండర్ అంటె శరీరం కాదు. మనిషి లోకంల ఎట్ల బతుకుతున్నదో అది. మా ట్రైనింగుల మొదటి రోజు చెప్పిందే ఇది. తార ఆడమనిషి లెక్క బతుకుతున్నది. ఫారం ప్రకారం సీటు ఇయ్యాల్సిందే."

గంగారాం అదే ఫారం రెండో ప్రతి తీశాడు. "నేను ముప్పై ఏండ్లు ఫారాలల్లనే బతికిన మేడం. జెండర్ గడిల ఎప్పుడైనా పుట్టుకనే రాస్తం. ఆస్పత్రి కాగితంల ఏమున్నదో అది. ఫారం ప్రకారం సీటు ఇయ్యరాదు."

"అది సెక్స్ సార్. జెండర్ వేరే."

"ఒక్కటే. ఇంగ్లీషు మార్చిన్రు అంతే."

ఇద్దరూ ఎవరి ప్రతిలో వాళ్లు ఆ ఒక్క గడి మీదే వేళ్లు పెట్టి పావుగంట వాదించారు. ఫారం రాసినవాళ్లకు ఎరుక కదా, వాళ్ల మనసులో ఏముందో అదే లెక్క అని చివరకు గంగారాం అన్నాడు. పద్మలతా అదే అంది.

తహ్మీనా రెండు ప్రతులూ తన వైపు లాక్కుంది.

"ఫారం రాసింది నేనే సార్," అంది. "నా మనసుల ఏం లేదు. మీరిచ్చిన పాత కాగితంల ‘లింగం’ అని ఉండె. ఎన్కట గా మాట చదివితె నాగవ్వ దేవుడనుకున్నది. సెక్స్ అంటె బల్ల మీదోళ్లు నవ్వుతున్నరు. నాకు సిగ్గయి జెండర్ అని పెట్టిన. మీరిద్దరు కొట్లాడుతున్న మాట నా సిగ్గుకెళ్లి వచ్చింది."

మొదట నవ్వింది భూమక్క. తరవాత గదంతా నవ్వింది. గంగారాం కూడా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

నవ్వు ఆగాక తహ్మీనా తను అడగాలనుకున్నది అడిగింది. "మీరు కోపం చేసుకోకున్రి. నాకు నోటీసు రాయాలె. మహిళ, జెండర్, ఆడ, మగ, ఈ మాటలు ఇడిసిపెట్టి, మీకు ఏం కావాల్నో, ఏమైతదని భయమో, గదొక్కటి చెప్పున్రి. నేను గదే కొడత."

పద్మలత రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ ‘మహిళ’ దగ్గరే ఆగిపోయింది. మూడోసారి నెమ్మదిగా చెప్పింది. "పనికి పోతె పని ఇయ్యరు. దుకాణంల పెట్టుకోరు. అసొంటోళ్ల చేతికి ఒక పని రావాలె. గందుకే ఈ కేంద్రం పెట్టిన్రని నేను అనుకుంటున్న."

గంగారాం వంతు వచ్చింది. "కామారెడ్డోళ్లకు నేను రిపోర్టు రాస్తా. ఇరవై పేర్లు పంపుత. రేపు వచ్చి ఇదేందని అడిగితె జవాబు చెప్పేది నేను. రాసింది ఒకటి, ఉన్నది ఒకటి ఉండొద్దు. నా భయం గంతే." కొంచెం ఆగి అన్నాడు. "ఇంకొకటి. పుట్టినదాన్ని పుట్టలే అని నాతోని అనిపియ్యకున్రి. అది నాతోని గాదు."

తరవాత భూమక్క. ఆమె లేచి నిలబడి చెప్పింది.

"కుట్టు నేర్చుకునుడు నాకేం అడ్డం లేదు. పక్క మిషిను మీద కూసున్నా ఏం గాదు. గని కొలతల రోజు ఉంటది గదా. ఒకల ఛాతీకి ఒకలు టేపు పెడతం. నాకు మా ఆయనకు తప్ప ఎవ్వలకు తెల్వని ఒళ్లు ఇది. నేను మొగపుటక పుట్టినోళ్లను నా ఛాతీ కొలవనియ్య. మల్ల గా లోపటి అర్ర ఉన్నది. పొద్దుగాల వచ్చి చీర మార్చుకుంటం, పొద్దాక నడుము నొస్తె జరసేపు ఒరుగుతం. దానికి గడియ లేదు. గీ రెండే నాయి."

ఇద్దరు ముగ్గురు తలలూపారు. అందరిలో చిన్నది త్రివేణి మాత్రం తనకు ఆ పట్టింపు లేదంది. "నీకు లేకపోతె లేదు, నాకున్నది" అంది భూమక్క. అందులో కోపం లేదు.

అప్పుడు తహ్మీనా గుమ్మం వైపు తిరిగింది. ఇంతసేపు తన గురించే మాట్లాడుతున్నా, తారను ఎవరూ ఏమీ అడగలేదని ఆమెకు అప్పుడే తోచింది.

"తారా, నువ్వు చెప్పు. గవే మాటలు ఇడిసిపెట్టి."

తార స్టూలు మీద నుంచి లేవలేదు. "తహ్మీనా ఆపా, నాకు మాటలిడిసిపెట్టుడు కష్టం గాదు. నాకు ఏ మాట సరిగ్గ ఆనలే. బజార్ల ఏమంటరో మీకు ఎరుకే. కార్డుల ఒక తీరు ఉన్నది. మా తమ్ముని పెండ్లాం వదిన అంటది. గదొక్కటి వింటె పానం నిమ్మలమైతది. గది ఈడ అడుగుతలే. జాకెటు కత్తిరించుడు నేర్పున్రి, చాలు."

ఆగి, భూమక్క వైపు చూడకుండానే అంది. "కొలతల రోజు నాకు కూడ భయమే అవ్వా. పదిమంది ముంగట నా ఒంటి మీద టేపు పెడితె, ఏడ ఏమున్నదో, ఏం లేదో అందరు చూస్తరు. ఆ రోజు రాకుండ ఉండాలని ముందే అనుకున్న."

భూమక్క పద్మలత వైపు తిరిగి అడిగింది. "మేడం, ఊళ్లె ఒక్క ఆడామె కూడ టేపుతోని కొలతలియ్యదు. అందరు పాత జాకెటు తెచ్చిస్తరు. మనమెందుకు ఒంటి మీద కొలుస్తున్నం?"

పుస్తకంలో అలా ఉంది, పరీక్షకు అలా అడుగుతారు, అంతే అంది పద్మలత. అలా తెచ్చిన ఆది జాకెట్టు పెట్టి కొలతలు తీయడమే ఊళ్లో అక్కరకొచ్చే పని అని ఆమెకూ తెలుసు. టేపు పద్ధతి బట్టలు తొడిగే బొమ్మ మీద నేర్పవచ్చు. అలాంటి బొమ్మ ఒకటి విప్పని పెట్టెలో కేంద్రం మూలనే పడి ఉంది.

తహ్మీనా ఆ రాత్రే నోటీసు కొత్తగా రాయబోయి, రాయలేక, మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే రాసింది. ‘వేరే పని దొరకని మహిళలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కుట్టు శిక్షణ. కొలతల సాధన ఆది జాకెట్ల మీద, బొమ్మ మీద. ఎవరి ఒంటి మీదా కొలవరు. విశ్రాంతి గదికి లోపలి గడియ ఉంటుంది. ఒకసారికి ఒకరు.’ ఫారంలో జెండర్ గడి తీసేసింది. ‘మిమ్మల్ని ఎలా పిలవాలి’ అని ఒక గడి పెట్టింది. కామారెడ్డివాళ్లకు పంపే రిపోర్టు కాగితంలో ‘గుర్తింపు కార్డులో ఉన్నది ఉన్నట్టు’ అని మరో గడి.

అందరూ దాన్ని మెచ్చుకున్నారని చెప్పలేను. ‘మహిళలకు’ పక్కన కామా పెట్టి ఇంకో మాట చేర్చడమంటే తార మహిళ కాదని చెప్పినట్టే అని పద్మలత నొచ్చుకుంది. ఆ కామా ఉన్నందుకే తాను సంతకం పెడుతున్నానన్నాడు గంగారాం. తహ్మీనా ఆ కామాను తీయలేదు. దాని మీద ఎవరు గెలిచారో తనకూ తెలియదని నాతో అంది. తారను అడిగితే, కామా ఎక్కడుందో చూపించమని అడిగి, చూసి, "గింత సన్నగున్నది" అందట.

గడియ బిగించింది గంగారామే. స్క్రూడ్రైవరు ఇంటి నుంచి తెచ్చుకున్నాడు.

జట్టు జూలైలో మొదలై డిసెంబరులో ముగిసింది. మొదటి నెల తార పక్క మిషిను ఖాళీగానే ఉంది. ఇద్దరు కొత్తవాళ్లు మానేశారు. కారణం ఇదేనని ఒకామె చెప్పింది, ఇంకొకామె ఏమీ చెప్పలేదు. రెండో నెలలో భూమక్క తన మిషిను బెల్టు తెగిపోవడంతో ఆ ఖాళీ మిషిను మీదికి మారింది. బెల్టు వచ్చాక కూడా పాత చోటికి పోలేదు. అక్కడ వెలుతురు బాగుందని చెప్పింది. తారకు చంక దగ్గర కత్తిరింపు ఎంతకీ కుదరకపోతే, తన పాత జాకెట్టు ఒకటి కుట్లు విప్పి ముక్కలుగా చేసి ముందు పెట్టింది. "గీ వంపు చూడు. పుస్తకంల బొమ్మ చూస్తె రాదు."

తహ్మీనాకు కుతూహలం ఆగక ఒక రోజు భూమక్కను అడిగింది, ఇప్పుడు తారను ఏమనుకుంటున్నావని.

"ఏమనుకోవాలె బిడ్డా? నా ఒంటి మీద టేపు పెట్టనియ్య, అప్పుడు చెప్పిందే ఇప్పుడు చెప్తా. ఆమె పని మంచిగ చేస్తది, అదీ చెప్తా. రెండిట్ల ఏ ఒక్కటన్నా అబద్ధమా?"

తార ఇప్పుడు లింగంపేటలో ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతోంది. బీడీ తట్ట పూర్తిగా మానలేదు, సగానికి తగ్గించింది. ఆమెకు మొదట జాకెట్టు ఇచ్చింది ఆమె మరదలు. ఆ తరవాత రెండు వీధుల అవతలి ఆడవాళ్లు. పక్కింటివాళ్లు ఇంకా ఇవ్వలేదు.

జనవరిలో కామారెడ్డి సంస్థవాళ్లు కాగితం పంపారు. మీ కేంద్రంలో ఈ మార్పు ఎలా జరిగింది, ఎవరు ఏమన్నారు, వివరంగా రాయండి, వచ్చే జట్టు సంగతి అది చూసి చెబుతాం అన్నారు. రాసే పని తహ్మీనాకే వచ్చింది. ఆమె ఆ గురువారం మాటలన్నీ జ్ఞాపకం చేసుకుని, ఎవరి మాట వాళ్ల యాసలోనే ఉంచి మూడు పేజీలు కొట్టింది. పంపేముందు ఒక్కొక్కరినీ పిలిచి చదివి వినిపించింది.

గంగారాం ఆఖరున వచ్చాడు. ‘పుట్టినదాన్ని పుట్టలే అని నాతోని అనిపియ్యకున్రి’ అన్న తన మాట దగ్గర చెయ్యెత్తి ఆపాడు. అది తీసేయమన్నాడు. పైవాళ్లు ఏమనుకుంటారో అని సంకోచం. తహ్మీనా కర్సరు ఆ వాక్యం మీద పెట్టి, మిగతా రెండు పేజీలు కూడా విని చెప్పమంది. ఆయన కూర్చున్నాడు. పద్మలత చెప్పింది, భూమక్క చెప్పింది, తార చెప్పింది, అన్నీ విన్నాడు. తార మాటల దగ్గర ఇంకోసారి చదవమన్నాడు.

చదవడం అయ్యాక లేచి చెప్పులేసుకున్నాడు.

"అందరియి ఉన్నయి గదా, నాది కూడ ఉండనియ్యి" అన్నాడు. "నేను గట్లనే అన్న. ఇప్పటికీ గదే అంట. గని ఆ పిల్ల మాట మాత్రం నా మాట కంటె ముందు పెట్టు."

తహ్మీనా తార పేరాను పైకి జరిపి, మూడు ప్రతులు తీసింది.